ధూమకర్ణుడి నిఘంటువు

పూర్వం, సముద్రాలు ఏడే ఉన్న రోజుల్లో, ఒక రాజుండేవాడు. పెద్దకొడుక్కి కత్తి ఇచ్చాడు, రెండోవాడికి గుర్రం ఇచ్చాడు, కూతురు సువర్చలకు బుద్ధులు చెప్పాడు.

ఒకనాడు ధూమకర్ణుడనే మాంత్రికుడు రాణిని ఎత్తుకుపోయి తన కోటలో వంటకు పెట్టుకున్నాడు. వెతకబోయిన కొడుకులిద్దరూ తిరిగి రాలేదు. సువర్చల బయల్దేరింది.

"ఆడపిల్లవి, నువ్వెక్కడికమ్మా?" అన్నాడు రాజు.

"మా అమ్మ దగ్గరికి, నాన్నగారూ."

ఒక సముద్రం పడవ మీద, ఒకటి తాబేలు మీద, మిగతా అయిదూ మొండితనం మీద దాటింది. కోట వాకిట్లో అన్నలిద్దరూ రాళ్లై ఉన్నారు.

ధూమకర్ణుడు ఆమెకో లావుపాటి పుస్తకం ఇచ్చాడు. "ఇది నేను రాసిన నిఘంటువు. నా కోటలోని ప్రతి వస్తువూ ఇందులో ఉంది. ఒకదానిలో నా ప్రాణం దాచాను. పొద్దుగూకేలోగా కనుక్కుంటే మీ అమ్మను తీసుకుపో. లేకపోతే నువ్వూ రాయివే."

పంజరంలో చిలుక కెవ్వుమంది. "నా మెడ ముట్టుకోకు తల్లీ! వచ్చిన ప్రతివాడూ ముందు నా మెడే పట్టుకుంటాడు. నాలో ఉన్నది నా ప్రాణమే!"

"మా అన్నలేం చేశారు?"

"పెద్దాయన కథ చదివినట్టు మొదటి పుట నుంచి మొదలెట్టాడు. 'అ' దాటకముందే పొద్దుగూకింది. రెండో ఆయన 'చిలుక' తీశాడు. 'శుకం చూడుము' అని ఉంది. అక్కడ 'కీరం చూడుము'. అక్కడ 'చిలుక చూడుము'. తిరిగి తిరిగి కళ్లు తిరిగి పడ్డాడు."

"రాసినవాడు తిప్పినట్టల్లా తిరిగితే ఎలా? అన్నీ ఉన్నాయన్నాడుగా, ఏది లేదో చూద్దాం," అంటూ సువర్చల పంజరం తలుపు తీసింది.

చిలుక గదిగదికీ ఎగురుతూ కనబడినదాని పేరల్లా చెప్పింది. సింహాసనం ఉంది. గొడ్డలి ఉంది. ముందు మొదటి అక్షరం, తర్వాత రెండోది, తర్వాత మూడోది. మధ్యాహ్నానికి ఏ మాట ఏ పుటలో ఉంటుందో సువర్చల వేళ్లకే తెలిసిపోయింది.

ఇక మిగిలింది వంటిల్లు. పొగలో దగ్గుతూ అమ్మ కనబడింది.

"వచ్చావా తల్లీ! ఏమన్నా తిన్నావా?"

"తర్వాత తింటానమ్మా. ఇక్కడున్నవాటి పేర్లు చెప్పు."

చేట ఉంది. జల్లెడ ఉంది. రోకలి ఉంది.

"నీ చేతిలోది?"

"ఊదుగొట్టం. పొయ్యి ఊదొద్దూ?"

'ఊదు' ఉంది. దాని కిందే 'ఊపిరి' ఉంది. మధ్యలో ఉండాల్సిన మాట లేదు.

"ఏ రాకుమారుడూ పొయ్యి దగ్గరికి రాడని దాచాడమ్మా. అయినా భయం తీరక పేరు కూడా తీసేశాడు," అంది సువర్చల.

ధూమకర్ణుడు పరుగెత్తుకొచ్చాడు. "అది ముట్టుకోకు!"

"ఏది? పేరు చెప్పు."

"అది... అదే..."

సువర్చల దాన్ని పొయ్యిలో పెట్టింది. మాంత్రికుడు పొగై పోయాడు. రాళ్లు మనుషులయ్యాయి. "ఇంకో పూటుంటే మాకూ దొరికేదే," అన్నారు అన్నలు.

ఇంటికొచ్చాక రాజు కూతురికే పట్టం కట్టాడు. ఆమెను పెళ్లాడతామని ముగ్గురొచ్చారు. ముగ్గురికీ ఒకే కష్టమైన మాట ఇచ్చి అర్థం అడిగింది. మొదటివాడు తనకు తెలియనిదే లేదన్నాడు. రెండోవాడు ఆడవాళ్లకు అర్థాలెందుకన్నాడు. మూడోవాడు, పడవ నడిపేవాడు, "తెలీదండీ, చూద్దాం," అని నిఘంటువు కోసం చెయ్యి చాచాడు.

అతన్నే పెళ్లి చేసుకుంది. అరవై ఏళ్లు ఏలింది. ఆమె రాయించిన నిఘంటువులో ప్రతి అక్షరం చివరా ఒక పుట ఖాళీగా వదిలేది. నాట్లు వేసేవాళ్లూ, వంట చేసేవాళ్లూ, మంత్రసానులూ వచ్చి తమ మాటలు చెప్పి రాయించేవారు. రాసేకొద్దీ కొత్త పుటలు కుట్టాల్సి వచ్చేదట.