పల్లకీ కింద రాజావారు, వెర్బల్స్ పాఠం

ఒకానొక కొండకోట సంస్థానంలో తిమ్మభూపాల నాయనింవారనే రాజావారు ఉండేవారు. ఆయనకు దైవభక్తి ఉంది, దానగుణం ఉంది. ఆ రెంటినీ మించిన కోపం కూడా ఉంది. ఆ కోపం కోసమే అన్నట్టు కోట ఉత్తరపు బురుజులో ఒక చీకటి గది ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

దొరలు వచ్చినప్పుడు దుబాసీ సాయం లేకుండా తామే మాట్లాడాలని నాయనింవారికి కోరిక పుట్టింది. ఇంగ్లీషు చెప్పడానికి మొదట వచ్చిన పంతులు, రాజావారి తప్పు దిద్దిన పాపానికి ఏడాదిపాటు ఆ గదిలో ఉన్నాడు. బయటికొచ్చాక పాపం, ఎవరైనా "గుడ్ మార్నింగ్" అంటే చాలు, ఉలిక్కిపడి గోడకు అంటుకుపోయేవాడట.

ఆయన తర్వాత వచ్చినవాడు జోగన్న పంతులు. బక్కపలచటి మనిషి, మాట మెత్తన. నామవాచకాలూ క్రియలూ సాఫీగానే సాగాయి. వెర్బల్స్ దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చిపడింది.

"ప్రభూ, 'రైడ్' అంటే స్వారీ చేయడం. అది క్రియ. 'రైడింగ్ హార్సెస్ ఈజ్ మై ప్లెజర్' అన్నామనుకోండి, గుర్రాలనెక్కి స్వారీ చేయడం నా వినోదమని. అక్కడ ఆ క్రియే నామవాచకం పని చేస్తోంది. క్రియగా పుట్టి వేరే కొలువు చేసే ఇలాంటి మాటల్నే వెర్బల్స్ అంటారు."

నాయనింవారి కనుబొమలు ముడిపడ్డాయి. "పుట్టింది క్రియగానేనా?"

"చిత్తం."

"మరి నామవాచకం కూర్చునే చోట దానికేం పనయ్యా? నా కొలువులో దివాను దివానే, పల్లకీ మోసే బోయీ బోయీయే. పుట్టుక ఒకటీ పని ఒకటీ అయితే రాజ్యం నిలుస్తుందా? నీకు రానిది నామీద రుద్దుతున్నావు."

"లేదు ప్రభూ, అది తన పుట్టుక మరిచిపోలేదు. వెనకాలే 'హార్సెస్' ఉంది చూడండి. దేన్ని అన్న ప్రశ్నకు జవాబును వెంటబెట్టుకు రావడం క్రియ లక్షణం..."

"చాలించు! ఎల్లుండి కామాక్షమ్మ ఊరేగింపు. అమ్మవారు మండపం చేరేలోగా ఈ ముక్క నా మనసుకెక్కేలా చెప్పు. చెప్పలేకపోయావా, బురుజు గది ఊడ్పించి పెట్టిస్తాను."

పంతులు ఇంటికి వెళ్ళి విస్తరి ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాడు. భార్య అచ్చమాంబ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏవండీ, ఆయనన్నట్టే అనేస్తే పోలా? క్రియ క్రియేనని ఒప్పేసుకోండి."

"ఒప్పేసుకోవచ్చే. రేపు ఆయన దొర ముందు తప్పు మాట్లాడి నవ్వులపాలైతే, అప్పుడు మాత్రం లోపలికి పోయేది నేను కాదా?"

అచ్చమాంబ లేచి దేవుడి గదిలోకి వెళ్ళి, "అమ్మా కామాక్షీ, నీ పల్లకీ వెంటే వస్తాడు, చల్లగా చూడు" అని దణ్ణం పెట్టుకుంది.

ఊరేగింపు రోజు వచ్చింది. ఆ సంస్థానంలో తాతల నాటి ఆచారం ఒకటుంది. కోట గుమ్మం నుంచి మండపం దాకా అమ్మవారి పల్లకీకి ముందువైపు మోతకర్రను, అంటే దండెను, రాజే భుజాన మోయాలి. దండె భుజం మీదున్నంతసేపూ రాజు కూడా ఒక బోయీయే; రాజాజ్ఞ చెల్లదు, పెద్దబోయీ చెప్పిందే ఆజ్ఞ. మోసేవాళ్ళు నోరు విప్పకూడదు. కోపంతో ఒక్క మాటన్నా అమ్మవారు బరువెక్కి కదలదని నమ్మకం.

ముందు నడిచే పెద్దబోయీ గంగులు కేక వేయగానే పల్లకీ లేచింది. పంతులు దాని పక్కనే నడుస్తున్నాడు. మండపం కనిపిస్తోంది. అమ్మవారి ముఖం వైపు ఒక్కసారి చూసి, గట్టిగా అడిగేశాడు.

"గంగులూ, ముందు దండె దగ్గర ఎడమవైపున ఉన్నదెవరయ్యా?"

మేళం ఠక్కున ఆగింది. పెద్దబోయీ గంగులు ముఖం పాలిపోయింది. కానీ అమ్మవారి ఎదుట ఆచారం తప్పి మాట్లాడలేడు. "బోయీ బాబూ. ఎడం బుజం బోయీ. ఈ పొద్దుకి నాకు తెలిసింది అంతే."

నాయనింవారి చెవులు ఎర్రబడ్డాయి. పంతులు ఆపలేదు.

"పుట్టుకకు రాజు. చేస్తున్నది బోయీ పని. మరి రాజరికం పోయిందా? వెనక ఛత్రం పట్టుకుని వస్తున్నారే, బోయీకి ఛత్రమెక్కడిది? 'రైడింగ్' కూడా అంతే ప్రభూ. నామవాచకం పల్లకీ మోస్తోంది, క్రియ తాలూకు 'హార్సెస్'ని మాత్రం వెంటే నడిపించుకొస్తోంది."

"బుజం మార్చు!" అని కేక పెట్టాడు గంగులు. రాజావారు మారు పలక్కుండా భుజం మార్చుకున్నారు.

అమ్మవారు మండపంలో దిగింది. నాయనింవారు చెమట తుడుచుకుని పంతులి వైపు తిరిగారు. భటులు ఒక అడుగు ముందుకేశారు.

"పంతులూ, 'రన్నింగ్ హార్స్' అంటాం కదా. అక్కడ ఆ రన్నింగ్ ఏం చేస్తోంది?"

"వి... విశేషణం పని ప్రభూ. గుర్రం ఎలాంటిదో చెబుతోంది."

"పుట్టుక క్రియే?"

"క్రియే ప్రభూ."

"మరి 'టు రైడ్' అన్నదో?"

"అదీ ఆ ఇంటి బిడ్డే. వాక్యంలో అవసరాన్ని బట్టి నామవాచకం పనైనా చేస్తుంది, విశేషణం పనైనా చేస్తుంది."

"అంటే భుజం మార్చుకుంటుందన్నమాట!" అంటూ నాయనింవారు తమ భుజం తడుముకున్నారు. పెదవి కొస కదిలింది గానీ చూపు ఇంకా పంతులి మీదే ఉంది. "అంతా బాగుంది. ఇంతమందిలో నన్ను బోయీ అనిపించావే, నీకంత ధైర్యం ఎక్కడిదయ్యా?"

"ధైర్యమెక్కడిది ప్రభూ! నాకున్నది భయం ఒక్కటే. ఈ పూట అదే ధైర్యం కొలువు చేసింది." పంతులు రెండు చేతులూ ముందుకు చాపాడు. అవి గాలికి ఆకుల్లా వణికిపోతున్నాయి. "చూడండి, పుట్టుక మాత్రం మరిచిపోలేదు."

నాయనింవారు అమ్మవారి ఎదుటే పకపకా నవ్వారు. భటులు నవ్వారు, గంగులు నవ్వాడు, ఆగిన మేళం మళ్ళీ మోగింది. పంతులి పేర కాలవ కింద మాగాణి రాయించమని దివానుకు చెప్పి, రాజావారు తమ పట్టుశాలువా తెప్పించి స్వయంగా ఆయనకు కప్పారు.

"ఆ వణుకు తగ్గేదాకా తియ్యకు పంతులూ" అన్నారు.