సున్నపు గీత

ధాత నామ సంవత్సరం, అంటే పంతొమ్మిది వందల తొంభై ఆరు, రోహిణి కార్తె ఆఖరు రోజులు. గనిరాజు అడిగిన ప్రశ్నకు దేవసహాయం మాస్టారు ఈ మాటలతో జవాబు మొదలుపెట్టారు. ఇది మంచిది, అది చెడ్డది అని తేల్చి చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ఎవరేం అడిగినా తాను కళ్ళతో చూసిన సంగతి ఒకటి, ఏ ఏడు ఏ కార్తెలో జరిగిందో చెప్పి, విప్పేవారు. తీసుకునేవాడు తీసుకోవాలి.

గనిరాజు పెద్దవాడయ్యాక ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాడు. భార్యతో విడాకులు ఖాయమైపోయాయి. అందులో ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా డాబా దగ్గర, ట్రాక్టరు దగ్గర. వాటి మీద వచ్చే నెలలో చివరి వాయిదా. ఈలోగా డాబా ఆమెకు, ట్రాక్టరు అతనికి అని అవతలివాళ్ళు రాజీకి కబురు పంపారు.

"ఒప్పుకోమంటారా మాస్టారూ, తీర్పు దాకా వెళ్ళమంటారా? గెలుస్తామని మా ప్లీడరు అంటున్నాడండి. ఇప్పుడు ఒప్పుకుంటే తప్పంతా నాదేనని ఊరు ఊరంతా అనుకుంటది" అన్నాడు.

అందుకు మాస్టారు చెప్పింది ఇది.

గోదావరి పాయ ఒడ్డున తాతారావు, మంగతాయారు అనే మొగుడూ పెళ్ళాలకు ఇటుక బట్టీ ఉండేది. వాళ్ళ ఆస్తి అరెకరం నేల. అందులోనే మన్ను తవ్వి, తొక్కి, అచ్చు పోసి ఇటుక కోసేవారు. మన్ను కలపడం, బట్టీ కాల్చడం అతని పని. కోత, బేరం ఆమె పని. పదేళ్ళు బాగానే సాగింది. తర్వాత పడలేదు. ఎందుకు పడలేదో మాస్టారు చెప్పలేదు, గనిరాజూ అడగలేదు.

కోర్టుకు ఎక్కేనాటికి ఆ ఏటి కోత పూర్తయింది. ఆ ఏడే తవ్వకంలో కింద ఇసుక తగిలింది. ఇక ఆ నేలలో ఇటుకకు పనికొచ్చే మన్ను లేదు. ఇద్దరికీ కలిపి మిగిలింది లక్షకు పైగా పచ్చి ఇటుక. ఎండి, వరసలు వరసలుగా పేర్చి ఉంది, కాల్చడమే తరువాయి. కాల్చి అమ్మితే ఎవరి బతుకు వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. కాల్చకపోతే అది ఎండిన మట్టి.

మంగతాయారు తన తమ్ముడు నల్లబాబు చేత కబురు పెట్టింది. కలిసి కాలుద్దాం, వచ్చిన డబ్బు చెరి సగం, నేల చెరి సగం, ఆ మీదట ఎవరి దారి వాళ్ళది అని.

తాతారావు ఒప్పుకోలేదు. సగం ఇవ్వడం బాధై కాదు. "ఇప్పుడిస్తే నేను ఇచ్చినట్టు ఉండదురా, మీ అక్క లాక్కున్నట్టు ఉంటది. జడ్జీగారి నోటంట రానీ, అప్పుడు చూద్దాం" అన్నాడు. చెప్పకుండా ఆమె ఇటుక తోలుకుపోతుందేమోనన్న అనుమానం కూడా పట్టుకుంది. ప్లీడరును పట్టుకుని ఆర్డరు తెచ్చాడు. తీర్పు వచ్చేదాకా ఇటుక ఉన్నది ఉన్నట్టే ఉండాలి, ఇద్దరిలో ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. కోర్టు అమీనా వచ్చి లెక్క రాసుకున్నాడు. బకెట్లో సున్నం కలిపి, కొబ్బరి పీచు ముంచి, ప్రతి వరస చుట్టూ అరచేతి వెడల్పున గీత గీయించాడు. ఒక్క ఇటుక కదిలినా ఆ గీత తెగి కనపడుతుంది. ఆ వెంటనే కోర్టుకు వేసవి సెలవులు వచ్చాయి.

ఆ బట్టీ పాకలో మాస్టారు కూలీలకు రాత్రి బడి నడిపేవారు. పని ఆగిపోవడంతో కూలీలు వెళ్ళిపోయారు. మృగశిర కార్తె ఇంకా రాలేదు గాని ఒక మధ్యాహ్నం పడమట దట్టంగా మబ్బు పట్టింది. పాకలో వదిలేసిన నల్లబల్ల తడిసిపోతుందని తెచ్చుకోవడానికి ఆయన వెళ్ళారు. అప్పటికే మంగతాయారు, నల్లబాబు అద్దె ట్రాక్టరు నిండా టార్పాలిన్లు వేసుకుని వచ్చి ఉన్నారు. తాతారావు ఆర్డరు కాయితం చేత పట్టుకుని వరసల ముందు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"జరగవయ్యా. వాన వచ్చేత్తంది" అంది ఆమె.

"రానీ. గీత మీద చెయ్యి పడిందో, నిన్ను లోపలేయిస్తాను."

"ఇటుక ముట్టుకోను బాబూ. పైన కప్పుతాను, అంతే."

"కప్పేటప్పుడు రాసుకుని గీత చెరిగిపోద్ది. ఆనక నువ్వెన్ని తోలుకుపోయావో నాకెలా తెలుత్తది?"

నల్లబాబు పకపకా నవ్వాడు. "బావా, ఆ కాయితం వానకి కూడా సూపించు. సదువుకుని ఎనక్కెళ్ళిపోద్దేమో."

"నువ్వు మాట్టాడకు. ఇదంతా నీ మూలానే వచ్చింది."

మాస్టారు మధ్యలోకి వెళ్ళి, ముందు కప్పండి, తర్వాత కొట్టుకోండి అన్నారు. ఇద్దరూ ఆయన వైపు గౌరవంగానే చూశారు. ఎవరూ కదలలేదు.

మొదటి చినుకులు పెద్దవిగా, దూరం దూరంగా పడ్డాయి. ఎండిన ఇటుక మీద పడిన చోటల్లా నల్లటి మచ్చ తేలింది. తాతారావు ఆ మచ్చలు చూశాడు. కాయితం జేబులో కుక్కుకుని, ట్రాక్టరు దగ్గరికి పరుగెత్తి, టార్పాలిన్ కొస పట్టుకుని లాగాడు. మంగతాయారు ట్రాక్టరు ఎక్కి దాని మీద కూర్చుంది.

"లెగు తాయారూ."

"లెగను. ఉన్నది ఉన్నట్టే ఉండాలని ఆర్డరు తెచ్చిందెవరు? నువ్వు కప్పితే సెల్లుద్ది, నేను కప్పితే దొంగతనమా?"

"తడిసిపోతన్నాయే!"

"తడవనీ. జడ్జీగారినడిగి కప్పు."

అతను లాగాడు. ఆమె దిగలేదు. నల్లబాబు ముఖంలో అప్పటికి నవ్వు లేదు. "దిగే అక్కా. పోయేవి మనయ్యి కూడానే" అన్నాడు. ఆమె వాడి వైపు చూడనైనా చూడలేదు.

వాన అందుకుంది. అన్నిటికంటే ముందు పోయింది ఆ గీతే. సున్నం కరిగి, తెల్లటి చారలుగా కిందికి కారి, నేల మీది నీళ్ళలో కలిసిపోయింది. మాస్టారు గట్టిగా అరిచారు. "గీత పోయిందర్రా! ఇంక మీకు అడ్డేముంది? కప్పండి!"

తాతారావు టార్పాలిన్ కొస వదల్లేదు. "వానకే చెరిగిందని దాన్ని సంతకం పెట్టమనండి మాస్టారూ, కప్పేత్తాను."

"ముందు ఆయన్ని పెట్టమనండి" అంది మంగతాయారు.

ఇద్దరికీ సంతకం నేర్పింది మాస్టారే. కాయితం కోసం తాతారావు జేబులో చెయ్యి పెట్టాడు. ఆర్డరు తడిసి ముద్దగా బయటికి వచ్చింది.

వరసల్లో అడుగు ఇటుక ముందు మెత్తబడింది. గోడ కూలితే చప్పుడవుతుంది. అవి చప్పుడు లేకుండా ఒక్కొక్క వరసా కిందికి కూర్చున్నాయి. వాన వెలిసేసరికి అక్కడ ఎర్రటి బురద తప్ప ఏమీ లేదు. మంగతాయారు అప్పుడు దిగింది. ఆ బురదలో వాళ్ళిద్దరూ పిక్కల దాకా దిగబడి నిలబడి ఉన్నారు. టార్పాలిన్లు ట్రాక్టరులోనే ఉన్నాయి, పైది తప్ప మిగతావి మడత కూడా విప్పలేదు.

అక్కడితో మాస్టారు ఆపేశారు. గనిరాజు "కేసు ఏమైందండి?" అని అడిగాడు.

"రెండేళ్ళకి తీర్పు వచ్చింది."

"ఎవరు గెలిచారండి?"

"అమీనా రాసిన లెక్క ప్రకారం ఇటుక చెరి సగం. నేల చెరి సగం."

"ఆవిడ ముందే అడిగింది అదే కదండీ" అన్నాడు గనిరాజు.

"అదే" అన్నారు మాస్టారు. "ఇటుక లేదు. నేల ఇసుక దాకా తవ్విన గొయ్యి. తాతారావు మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. మంగతాయారు వేరేవాళ్ళ బట్టీలో రోజు కూలికి ఇటుక కోస్తోంది."