బుచ్చవ్వ తట్ట

అనగనగా, గుట్టలన్నీ ఇంకా దేవుడే పోస్తున్న కాలంలో, ఒక పల్లె ఉండేది. దాని కింద బొగ్గు ఉందని తెలిసింది. తెలిసిననాడే ఆ పల్లెకు నూకలు చెల్లాయి.

భూమిని తవ్వి బొగ్గు పట్టుకుపోయారు. పనికిరాని మట్టంతా పల్లె పక్కనే పోశారు. పొలాల్లోని మెత్తటి మన్ను ముందు వచ్చింది, అది అడుగున పడింది. లోపలి రాళ్లు, బొగ్గు పెళ్లలు తర్వాత వచ్చాయి, అవి పైన పడ్డాయి. అలా లేచింది నల్లగుట్ట. దాని మీద గడ్డిపోచ కూడా మొలవలేదు.

ఆ మట్టి మోసే కూలీల్లో బుచ్చవ్వ ఒకతె. ఆమె చెలక, ఉన్న ఒక్క మెట్ట చేను, కూడా గుట్ట అడుగుకే పోయింది. గుట్ట నీడలోనే ఆమె గుడిసె, గుడిసెలో ఒక్కగానొక్క బిడ్డ ఎల్లవ్వ.

మొదటి వానకు గుట్ట మీంచి గులకరాళ్లు జారాయి. బుచ్చవ్వ మేస్త్రి దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, పైమన్ను పక్కకు పెట్టుండ్రి. ఆఖరుకు గుట్ట మీద పోద్దాం. గడ్డి మొలిస్తే వేర్లు గుట్టను పట్టుకుంటయి."

"మట్టికి కూడా తలాకాళ్లుంటయా బుచ్చవ్వా? మోయి," అన్నాడు మేస్త్రి.

రెండో వానకు బండలు జారాయి. మళ్లీ వెళ్లింది, అదే మాట చెప్పింది. "మోయి," అన్నాడు మేస్త్రి.

మూడో వానకు గుట్టే జారింది. బుచ్చవ్వ పని నుంచి వచ్చేసరికి గుడిసె లేదు, ఎల్లవ్వ లేదు. ఏడు దినాలు చేతులతో తవ్వింది. బిడ్డ దొరకలేదు. బిడ్డ మీద పడిన ఆ మట్టిని మోసింది తన తట్టే కదా. ఆ బాధ ఆమెను బతకనివ్వలేదు, చావనివ్వలేదు.

మేస్త్రి దగ్గరికి ఇక పోలేదు. తవ్వకం అంచున మిగిలిన పైమన్ను తట్టకెత్తి గుట్ట మీద పోసింది. వాన కడిగేసింది. మళ్లీ పోసింది. మళ్లీ వాన కడిగేసింది. మూడోసారి ఎక్కుతూ, తట్ట నెత్తిన ఉండగానే కూలిపోయింది.

ఊరివాళ్లు ఆమెను అక్కడే పూడ్చారు. చుట్టూ రాళ్లు పేర్చి, ఆమె తట్టలోని మన్ను ఆఖరున పైన పోశారు. వాన వచ్చింది. ఈసారి మన్ను నిలిచింది. అంత పెద్ద గుట్ట మీద ఒక మనిషి పొడుగు మేర గరిక మొలిచింది.

అది చూసి తలా ఒక తట్ట మోయడం మొదలుపెట్టారు. ఏళ్లు గడిచి గుట్ట పచ్చబడేసరికి మోసినవాళ్లలో సగం మంది లేరు. గుట్ట మాత్రం మళ్లీ జారలేదు.

ఇప్పటికీ ఆ వైపు బావి తవ్వినా, పునాది తవ్వినా, మొదటి తట్ట మన్ను పక్కకు పెడతారు. ఆఖరున పైన పోసేది అదే.

"బుచ్చవ్వ తట్ట పక్కకు పెట్టినవా?" అని పెద్దలు అడుగుతారు.

"పెట్టిన," అనేదాకా రెండో తట్ట లేవదు.

గుట్ట మీద గడ్డి ఇప్పుడు మోకాలెత్తు పెరుగుతుంది. పశువులకని కూడా ఎవరూ కోయరు. ఎందుకని అడిగితే, "కింద పిల్ల ఉన్నది," అంటారు.