ఊరంతా కలిసి కొన్న కల్లుపాక

అనగా అనగా, సముద్రపు గాలి తగిలేటంత దూరంలో, తాటిచెట్ల నడుమ ఒక ఊరుండేదర్రా. ఆ ఊళ్ళో నూకాలని ఒక కోడలు. ఒక్కచోట నిలిచే మనిషి కాదు. చేట పట్టుకుంటే చీపురు గుర్తొచ్చేది, చీపురు పట్టుకుంటే పొయ్యిమీద ఎసరు గుర్తొచ్చేది. నీ కాళ్ళకింద నిప్పులేమైనా ఉన్నాయా అమ్మా అని వాళ్ళత్త పెంటమ్మ రోజూ అడిగేది. ఊ కొడుతున్నారా? కొట్టాలి మరి, లేకపోతే నేను ఎవరికి చెబుతున్నట్టు?

ఆ ఊరికి ఒక కల్లుపాక. మూతి ముడవకే అమ్మడూ, కల్లు నీకు కాదులే. గవరయ్యని ఒక ముసలాయన నడిపేవాడు. పొద్దు వాలేసరికి పొలాల్నుంచి వచ్చినవాళ్ళు ముంతెడు పుచ్చుకుని, గుగ్గిళ్ళు నములుతూ కూచునేవాళ్ళు. తాగనివాళ్ళూ వచ్చేవాళ్ళు. తప్పిపోయిన దూడ కబురు అక్కడే తెలిసేది, పెళ్ళి మాట అక్కడే కుదిరేది, గట్టు తగాదా అక్కడే తీరేది.

అలాంటి గవరయ్య కాలం చేశాడు. పాకా, దాని వెనకాల తాటితోపూ మేనల్లుడు సింహాచలం చేతికొచ్చాయి. వాడిది పొరుగూరు. వచ్చాడు, పాకకి తాళం వేశాడు, ఇటికల వర్తకుడికి బేరం పెట్టాడు. ఆ వర్తకుడు తోపు నరికించి బట్టీ పెడతాడట.

పాక మూశాక ఏమైందనుకున్నారు? పాక పోతే కూడిక పోయింది. కూడిక పోతే మాట పోయింది. మాట పోతే కబురు పోయింది. కబురు పోతే సాయం పోయింది. సాయం పోయేసరికి ఊరికి కంటిమీద కునుకు పోయింది. మగాళ్ళు అలవాటుకొద్దీ పాకదాకా పోవడం, తాళం చూసి తిరిగి రావడం, అయినదానికీ కానిదానికీ ఇంట్లో అరవడం. నూకాలు మామ పోతయ్య అయితే అరుగుమీద కూచుంటాడు, లేస్తాడు, చెప్పులు తొడుక్కుంటాడు, మళ్ళీ విప్పేస్తాడు. ఎక్కడికి మామా అంటే ఎక్కడికీ లేదమ్మా అంటాడు. అది చూస్తుంటే నూకాలుకి ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది.

ఒకనాడు ఆవిడ కుండ కోసం కుమ్మరి లచ్చన్న ఇంటికెళ్ళింది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి, ఊరి చివర ఒంటిగా ఉంటాడు. తలుపు తోసి చూస్తే ఏముంది? మంచంమీద ఒళ్ళు తెలీని జ్వరం. కుండలో చుక్క నీళ్ళు లేవు. కుంపటి చల్లారి ఎన్నాళ్ళయిందో. ఆ వీధివాళ్ళు చూస్తున్నారులే అని ఈ వీధివాళ్ళు, ఈ వీధివాళ్ళు చూస్తున్నారులే అని ఆ వీధివాళ్ళు. నూకాలు పరుగున గంజి తెచ్చి చెంచాతో పోసింది, తడిగుడ్డ వేసింది, వైద్యుణ్ణి పిలిపించింది. ఎప్పటికో కళ్ళు తెరిచి లచ్చన్న ఒక్కమాటన్నాడు.

“గవరయ్య ఉంటే, లచ్చన్న రాలేదేంట్రా అని మొదటిరోజే అడిగేవాడమ్మా.”

ఆ మాట నూకాలుని కూచోనివ్వలేదు, నించోనివ్వలేదు. వడ్లు దంచుతుంటే అదే మాట, పేడ ఎత్తుతుంటే అదే మాట. చివరికి గడపగడపకీ తిరిగింది. ఆ పాక మనమే కొందాం, తలా ఇంత వేసుకుందాం, ఊరందరిదీ చేద్దాం అంది. మగాళ్ళు సరేనన్నారు. ఎందుకనరు? ఆడవాళ్ళే తలుపులు మూసేశారు. మా మొగుళ్ళు తాగడానికి మేమే చందా ఇవ్వాలా అన్నారు. అన్నిటికంటే గట్టిగా మూసింది పెంటమ్మ. ఆవిడ తండ్రి తాగి తాగి దుక్కిటెడ్లని అమ్మేసినవాడు. కోడలి పక్క చూడడం కూడా మానేసింది.

ఇంట్లో మాటల్లేవు. చెంబు పెట్టిన చప్పుడే, విస్తరి పరిచిన చప్పుడే. నూకాలు ఆగలేక అడిగేసింది, అత్తా, పాక మూశారు కదా, మనూళ్ళో తాగుడు ఆగిందా అని. పెంటమ్మకి తెలుసు, ఆగలేదు. మగాళ్ళు పొరుగూరు పోయి, ఎవరూ అడ్డుచెప్పనిచోట తాగి, తెల్లారి వస్తున్నారు. ఆవిడ చాలాసేపు కూరగాయలు తరిగింది. తరిగి తరిగి, కాళ్ళ కడియాలు తీసి కోడలి ముందు పెట్టింది.

“పాకలో కల్లుకుండ దగ్గర నేను కూచుంటాను. నేను చాలంటే చాలు. ఒప్పుకుంటారా?”

ఆవిడ కదిలితే మిగతా ఆడవాళ్ళూ కదిలారు. ఒకరు మేకపిల్లని ఇచ్చారు, ఒకరు వెదుళ్ళు, ఒకరు ముక్కుపుడక. అయినా సింహాచలం అడిగినదాంట్లో సగానికి రాలేదు.

ఒరేయ్, నిద్రపోతున్నావా? ఇప్పుడే దయ్యం వస్తోంది.

పాకలో గవరయ్య దయ్యమయ్యాడని పుకారు లేచింది. పట్టపగలే లోపల కుండలు దొర్లుతున్నాయి, ఎవరో గుటకలేస్తున్నారు. వర్తకుడు భయపడి బేరం వదిలేశాడు. ఊళ్ళోవాళ్ళు ఆ వీధి నడవడమే మానేశారు. మన నూకాలు ఊరుకుంటుందా? మిట్టమధ్యాన్నం పాక వెనకాల తడిక సందులోంచి దూరింది. పైకి చూస్తే అటకమీద రెండు కళ్ళు. మానుపిల్లి, అదేనర్రా, తాటిచెట్లెక్కి కల్లు తాగే అడవిపిల్లి! పిల్లల్ని పెట్టుకుని, కుండల అడుగున మిగిలిన కల్లు నాకుతోంది.

ఈ సంగతి విని మగాళ్ళు ఎగిరి గంతేశారు. ఎవరికీ చెప్పకు నూకాలూ, దయ్యమనుకుని సింహాచలం చవగ్గా ఇచ్చేస్తాడన్నారు. ఆవిడకి అన్నం సహించలేదు. అబద్ధంమీద కొన్న పాకలో రేపు ఒకరినొకరు నమ్మి కూచునేదెలా అనుకుంది. మర్నాడు సింహాచలం రాగానే ఊరందరి ముందూ చెప్పేసింది, అది దయ్యం కాదు బాబూ, మానుపిల్లి, రా చూపిస్తానని.

వాడు గడప దాటితేనా? తెలివిమీరిన మూర్ఖుడు వాడు. కొనేవాళ్ళు సరుకులో లోపం చెబుతారు గానీ లోపం లేదని చెబుతారా, ఇందులో ఏదో మోసముంది, అయితే గియితే ఈ దయ్యం మా మామకంటే పెద్దదే అయ్యుంటుందనుకున్నాడు. నిజం చెప్పేకొద్దీ వాడికి చెమటలు పోశాయి. ఊరు పోగేసినదే పుచ్చుకుని, తాళంచెవి అక్కడే పడేసి, వెనక్కి చూడకుండా పోయాడు.

ఇంకేముంది! ఒకరు తాటాకు కప్పారు, ఒకరు నేల అలికారు, లేచి తిరుగుతున్న లచ్చన్న కొత్త కుండలిచ్చాడు. మానుపిల్లి తన పిల్లల్ని నోట కరుచుకుని తోపులోకి మకాం మార్చింది. పాక తెరిచిన సాయంత్రం పెంటమ్మ కుండ దగ్గర కూచుంది. ఎవరైనా మళ్ళీ మళ్ళీ ముంత చాపితే, ఇంటికి పో నాయనా, అన్నం చల్లారిపోతోంది అనేది. ఎదురు చెప్పినవాడు లేడు. ఆడవాళ్ళు చింతపండు తెచ్చుకుని ఒకపక్క గింజలు తీస్తూ కూచున్నారు. పోతయ్య చెప్పులు విప్పి, మఠం వేసుకుని, పాత కబుర్లు మొదలెట్టాడు.

నూకాలు గుగ్గిళ్ళు పంచింది, నీళ్ళు తోడింది, దీపం ఎగదోసింది. ఇంకేం చెయ్యాలా అని చుట్టూ చూస్తే ఏమీ మిగల్లేదు. మాటల మధ్య గుంజకి ఆనుకుని కూలబడింది. మరుక్షణంలో గురక. ఆ మనిషి కూచుని నిద్రపోగా చూసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. పెంటమ్మ గరిటె పైకెత్తి ఒక్కసారి అందరివైపూ చూసింది. అంతే, ఊరుఊరంతా గొంతు తగ్గించి గుసగుసగా కబుర్లు చెప్పుకుంది.

అదర్రా సంగతి. నలుగురూ కూచునే చోటు ఎవరో ఒకరిదైతే ఎప్పుడో మూతపడుతుంది, నలుగురిదీ అయితే నిలబడుతుంది. కథేమో కంచి బండెక్కింది, ఇక మీరు దుప్పట్లోకి దూరండి.