ఉంగిని వాగు దాటించిన సంఘం

అనగనగా, అడవి లోపల పన్నెండిళ్ళ చిన్న ఊళ్ళో ఉంగి అని తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేదమ్మా. వాళ్ళమ్మ పేరు ఇడమ్మ. ఉంగికి ఒక అక్క ఉండేది. ఒళ్ళు నొప్పులని ఏడ్చి ఏడ్చి, ఒక వానాకాలంలో చచ్చిపోయింది పాపం. దయ్యం పట్టుకుపోయిందన్నారు ఊళ్ళోవాళ్ళు.

ఉంగికి మొదటిసారి నాట్లప్పుడొచ్చింది నొప్పి. చల్లటి బురదలో నిలబడ్డ కాళ్ళలో, ఎముకల్ని ఎవరో లోపల్నించి పిండుతున్నట్టు. అక్కకీ ఇలాగే మొదలైంది కదా! అప్పుడు ఉంగి పెదవి కొరుక్కుంది గానీ అమ్మకి చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

రెండోసారి చేతులకొచ్చింది. వేళ్ళు బుస్సున వాచిపోయాయి. అప్పుడు అమ్మ చూసేసింది. పొయ్యి ముందు అలా కూలబడిపోయింది. మంత్రగాడొచ్చి తాడు కట్టాడు. పక్కింటివాళ్ళు తమ పిల్లల్ని ఉంగి దగ్గరికి రానివ్వడం మానేశారు.

ఆ తర్వాత మూడోసారి. బయట మూడు రోజులుగా ముసురు. ఉంగికి రొమ్ములో పోటు. కళ్ళు పచ్చబడిపోయాయి. ఊపిరి తీసుకుంటే సగంలోనే తెగిపోతోంది.

"అమ్మా, నేనూ అక్క దగ్గరికి పోతున్నానా?" అంది.

ఇడమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

అప్పుడు గుమ్మంలోకి ఒకామె వచ్చింది, తడిసి ముద్దయి. పక్క ఊరి ముత్తక్క. ఆమె వెనకాల మరో ఆరుగురు, చేతుల్లో వెదురు గెడ, దుప్పటి.

"మీ ఊరి ఆశా కార్యకర్త కబురంపింది వదినా. ఇది దయ్యం కాదు, రక్తంలో జబ్బు. సికిల్ సెల్ అంటారు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవళ్ళలా వంగి నరాల్లో ఇరుక్కుంటాయి. నాకూ ఉంది. ఈ జబ్బున్న ఇళ్ళవాళ్ళమంతా కలిసి సంఘం పెట్టుకున్నాం, వీళ్ళూ అందులోవాళ్ళే. లే, ఆసుపత్రికి పోవాలి."

గెడకి దుప్పటి కట్టి డోలీ చేశారు. ఉంగిని పడుకోబెట్టారు. వాగు దగ్గరికొచ్చేసరికి నీళ్ళు రొమ్ము దాకా! ఎర్రటి నీళ్ళు, హోరు. నడి వాగులో ఒకాయన కాలు జారింది. డోలీ ఒరిగింది. ఉంగి వీపుకి చల్లగా నీళ్ళు తగిలాయి. ఒడ్డు మీద ఇడమ్మ కెవ్వుమంది. ఉంగి కళ్ళు గట్టిగా మూసేసుకుంది. అయిపోయింది అనుకుంది.

ముత్తక్క గెడ కింద భుజం పెట్టింది. "కదలకు తల్లీ, పట్టుకున్నాం," అంది. అడుగులో అడుగు వేసుకుంటూ అవతలికి చేరారు. ఆ తర్వాత అంబులెన్సు, ఆసుపత్రి. మూతికి గాలి గొట్టం పెట్టారు, రక్తం ఎక్కించారు.

నాలుగో రోజుకి ఉంగికి ఊపిరి నిండుగా అందింది. మంచం పక్కనే ముత్తక్క కూర్చునుంది.

"అత్తా, మళ్ళీ వస్తుందా నొప్పి?"

ముత్తక్క అబద్ధం చెప్పలేదమ్మా. ఉంగి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"వస్తుంది తల్లీ. అది వస్తే మేమూ వస్తాం."

కథ వెళ్ళె కంచికి,
మనమొస్తిమి ఇంటికి,
భయం పోయె గాలికి,
నిద్ర రావె కంటికి.