కారమ్మ వాటా

అనగా అనగా ఒక రేవు. రేవుకి ఇసక, ఇసకకి కెరటం, కెరటానికి చేప, చేపకి వల, వలకి ఊరంతా. ఎన్నాళ్ళ కిందటి మాటో ఎవరికీ తెలీదు. మీ తాతలు గుడ్డసంచి ఇంట్లో వదిలేసి, చేతులూపుకుంటూ సంతకెళ్ళి, కవర్లలో కూరలు తెచ్చుకోడం మొదలెట్టిన రోజులు.

ఆ రేవులో కారమ్మ అని ఒక మనిషి ఉండేది. మొగుణ్ణి తుఫాను తీసుకుపోయింది. పిల్లల్లేరు. పడవ లేదు, వల లేదు. ఉన్నవి రెండు చేతులు. ఆ చేతులతో అలివి వల తాడు లాగేది.

అలివి వలంటే ఒక్కడి పని కాదు. తాడు ఒక కొస ఒడ్డునే ఉంటుంది. పడవ వలని లోపలికి తీసుకెళ్ళి, చుట్టు తిప్పి, రెండో కొసని మళ్ళీ ఒడ్డుకి తెస్తుంది. ఇటు పాతికమంది, అటు పాతికమంది నిలబడి లాగాలి. పొద్దున్న పట్టిన తాడు మధ్యాన్నానికి గాని ఒడ్డెక్కదు. తాడు మీద చెయ్యేసిన ప్రతి మనిషికీ చేపల్లో వాటా. చెయ్యెయ్యకపోతే వాటా లేదు. కారమ్మ కుండలో కూర ఉడికిందంటే ఆ వాటాతోనే.

ఆ ఊళ్ళో ఇంకో కట్టు ఉంది. వలలో పడ్డది తినేదైతే తట్టలోకి. తినేది కాకపోతే మళ్ళీ నీళ్ళలోకి. నక్షత్రం చేప పడిందా, "గంగమ్మది గంగమ్మకే" అని విసిరేసేవారు. గుడ్లతో ఉన్న పీత పడిందా, "గంగమ్మది గంగమ్మకే". కొట్టుకొచ్చిన మొద్దు పడిందా, "గంగమ్మది గంగమ్మకే". కట్టు మంచిదే.

తరవాత కవర్లొచ్చాయి. పట్నాల కాలవల్లోంచి ఏట్లోకి, ఏట్లోంచి సముద్రంలోకి, సముద్రంలోంచి వలలోకి. కవర్లు, సీసాలు, తెగిన చెప్పులు. తినేవి కావు కదా. "గంగమ్మది గంగమ్మకే" అని నీళ్ళలోకే దులిపేవారు. ఇవాళ దులిపింది రేపు వలలో ఉండేది. రేపు దులిపింది ఎల్లుండి ఉండేది. వల బరువెక్కింది, చేప పలచబడింది. తాడు బరువు చూసి "ఇయ్యాల బాగా పడ్డాదిరో!" అని కేకలేసుకుంటూ లాగేవారు. తీరా ఒడ్డెక్కాక చూస్తే సగం కవర్లే.

కారమ్మకి అనుమానమొచ్చింది. చీరంచు చింపి, ఒక సీసా మెడకి ముడేసి నీళ్ళలోకి విసిరింది. మర్నాడు వలలో అదే సీసా. రెండో ముడేసి విసిరింది. మర్నాడు అదే సీసా. మూడో ముడేసి విసిరింది. మర్నాడు మళ్ళీ అదే. దాన్ని పట్టుకుని మసేను దగ్గరికెళ్ళింది. మసేనంటే ఆ ఊరికి పెద్ద, వలకి పెద్ద. కారమ్మకి వరసకి బావ.

"ఇది సూడు బావా. మూడు ముళ్ళేసేను. మూడుసార్లూ ఇంటికొచ్చేసింది. కట్టుకున్నోడు కూడా ఇంత నమ్మకంగా రాలేదు."

మసేను పకపకా నవ్వాడు. "అయితే ఇప్పుడేటంతావు?"

"మనం పారేసిందే మనం లాగుతున్నాం అంతాను. ఒడ్డెక్కించి దూరంగా పడేద్దాం."

నవ్వు ఆగిపోయింది. "గంగమ్మది ఒడ్డెక్కించకూడదే. మా తాత సెప్పేడు. ఆల తాత సెప్పేడు."

"మీ తాత కవరు సూసేడేటి?"

"నోరు ముయ్యి. గంగమ్మ సొమ్ము ఒడ్డుకి మోసిన సెయ్యి తాడు ముట్టకూడదు. తాడు ముట్టకపోతే వాటా లేదు. బాగా ఆలోసించుకో."

కారమ్మ ఆలోచించింది. కొంగు నడుముకి బిగించడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆలోచించింది. తరవాత తట్ట తీసుకుంది.

పోటు నీళ్ళు అందని చోట, ఇసక దిబ్బల వెనకాల ఒక గొయ్యి తవ్వింది. మొదటిరోజు వాళ్ళు చేపలు పంచుకుంటుంటే ఈమె కవర్లు మోసింది. రెండోరోజు కుండలో గంజి తప్ప ఏమీ లేదు. పక్కింటి నూకి ఆకు కింద రెండు చేపలు దాచి తెచ్చింది.

"ఎవలూ సూడనేదప్పా, తినీ."

"తాడు పట్టని వాటా నాకొద్దు. పట్టుకుపో."

మూడోరోజు కెరటం ఈమె మోసినదానికి రెండింతలు తెచ్చి ఒడ్డున పోసింది. తాడు లాగేవాళ్ళంతా ఒకటే నవ్వు.

"ఓలమ్మ, సముద్రాన్ని తుడిసేత్తాదంట! ఇప్పుడేటి సేత్తావే కారమ్మా?"

"ఇంకో తట్ట మోత్తాను."

మూడు రోజులు మూడు వారాలయ్యాయి. మూడు వారాలు మూడు నెలలయ్యాయి. ఒకసారి గోతిలో నిప్పు పెట్టి చూసింది. ఆ పొగకి వారం రోజులు దగ్గింది. మళ్ళీ పెట్టలేదు. పాత సామాన్ల బండివాడు కొనేవి వాడు పట్టుకెళ్ళేవాడు, మిగతావి గోతిలో. మనిషి చిక్కి కర్రముక్కయిపోయింది. తట్ట మాత్రం దించలేదు.

గంగమ్మ పండగొచ్చింది. ఆ రోజు ప్రతి ఇంటి నుంచీ ఒక చేట. చేటలో పసుపు, కుంకం, అరటిపళ్ళు, కొబ్బరికాయ. మొదట పెద్దోడు గంగమ్మకి అప్పగిస్తాడు, తరవాతే ఊరు. మసేను మోకాలిలోతు నీళ్ళలో చేట పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు కారమ్మ కూడా ఒక చేట తెచ్చింది, పైన గుడ్డ కప్పి.

"నీకు తిండికే లేదు గదే. ఏటి తెచ్చేవు?" అన్నాడు మసేను.

కారమ్మ గుడ్డ తీసింది. కవర్లు, సీసాలు, ఒక తెగిన చెప్పు. డప్పులాగిపోయాయి.

"ఛీ! అమ్మోరి ముందర తెగిన సెప్పేటే!" అని కసిరాడు మసేను.

"గంగమ్మదే గదా బావా. నువ్వే అన్నావు. రోజూ ఇత్తన్నదే గదా, పండగనాడు సిగ్గెందుకు? పెద్దోడివి, ముందు నువ్వియ్యి." అని ఆ చేట అతని రెండో చేతిలో పెట్టింది.

ఒక చేతిలో పసుపు కుంకం. ఒక చేతిలో చెప్పు. ఒక కెరటం వచ్చి పోయింది. రెండో కెరటం వచ్చి పోయింది. మూడో కెరటం వచ్చి పోయింది. ఊరంతా చూస్తోంది. మసేను పసుపు కుంకం చేట గంగమ్మకి అప్పగించాడు. రెండోది నెత్తిన పెట్టుకున్నాడు. నీళ్ళలోంచి బయటికొచ్చి, కాలే ఇసకలో నడిచి, దిబ్బ దాటి, గోతిలో పోసి వచ్చాడు.

"రేపు తాడుకి రా," అన్నాడు.

"రాను."

"ఏటీ?"

"తాడు పట్టే పతీ మనిషీ తట్టెడు మోసేకే నాను తాడు పడతాను."

"నీ వాటా నీకిత్తానంటే బేరమాడతావేటే!"

"ఆడతాను."

మసేను ఆమె మొహం చూశాడు. తన తల మీద కారుతున్న మురుగునీళ్ళు తుడుచుకున్నాడు. ఊరి వైపు తిరిగి, "ఇన్నారు గదా," అన్నాడు. "రేపట్నుంచి అంతే."

సముద్రం శుభ్రమైపోయిందా అంటే, లేదు. పట్నాలు పారేస్తూనే ఉన్నాయి, కెరటం తెస్తూనే ఉంది. కానీ ఒకసారి వచ్చింది రెండోసారి రాలేదు. తాడు బరువుగా ఉందంటే, అది చేపే అని చేతులకి మళ్ళీ నమ్మకం కలిగింది.

కారమ్మ ముసలిదయ్యేదాకా తాడు లాగింది. ఒక వానాకాలం మూడు రోజుల జ్వరంతో కన్నుమూసింది. మనిషి పోయిన రోజు ఆ ఊళ్ళో వల వెయ్యరు. మట్టి చేసి వచ్చారు. మర్నాడు వల లాగారు. మసేను కూడా అప్పటికి బాగా ముసలాడు. ఇసకలో వాటాలు పెట్టిస్తూ ఒక చోట ఆగాడు. కర్రతో ఇసకలో ఇంకో గీత గీశాడు.

"ఇదెవలికి మాఁవా?" అంది నూకి.

"కారమ్మకి."

"మనిషి నేదు గదా."

"మనిషి నేదు. వాటా ఉంది." వంగలేక వంగి, వలలోంచి కవర్లు, సీసాలు ఏరి ఆ గీత పక్కన పోశాడు. "సేపలిత్తే అది తీసుకోదు. దాని వాటా ఇదే. ముందిది దిబ్బ దాటించండి. తరవాత మీవి."

ఆనాటి నుంచి ఆ రేవులో మొదటి వాటా కారమ్మది. అది దిబ్బ దాటేదాకా ఎంత పెద్దవాడైనా చేప ముట్టడు. ఎప్పుడన్నా పైఊరినుంచి కొత్తల్లుడొచ్చి తాడు పడతాడు. చెమటలు కక్కుతూ లాగి, "ఎవరండీ ఆ కారమ్మ? ఇంతమందిమి కష్టపడితే మొదటి వాటా ఆవిడకేంటి?" అని అడుగుతాడు. తట్ట నింపి వాడి నెత్తిన పెడతారు.

"దిబ్బ వెనకుంటాది. ఇచ్చిరా బాబూ," అంటారు.