దూడల కొట్టం చూపించమన్న పిల్ల

ఈ కథలో విద్యాలయం ముందా, పెళ్ళిచూపులు ముందా అన్నది నాకు అప్పుడప్పుడూ తికమక పడుతుంది. విద్యాలయమే ముందని గట్టిగా అనుకుని మొదలుపెడుతున్నాను. వరస తప్పితే చదివేవాళ్ళే సర్దుకోవాలి.

ఒకానొక రాజ్యంలో ప్రతాపధవళుడనే రాజు పశువైద్యం నేర్పే విద్యాలయం కట్టించాడు. మూడేళ్ళకోసారి కొత్తవాళ్ళని చేర్చుకునేవారు. ఎవరిని చేర్చుకోవాలో రాజే తేల్చేవాడు. "మా విద్యాలయం మీద నిజమైన మక్కువ ఉన్నవాళ్ళకే చోటు" అని చాటింపు వేయించాడు.

ఇంకేం, వచ్చినవాడల్లా పొగడ్తే.

"ప్రభూ, తమ విద్యాలయం స్తంభాలు చూడగానే కళ్ళు చెమర్చాయి!"

"ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ ఇదే నా కల!"

రాజు మీసం దువ్వుకుంటూ తలూపేవాడు. విద్యాలయం కట్టి పదేళ్ళే అయిందనీ, ఉయ్యాల మాట చెప్పినవాడికి మీసాలు కూడా వచ్చేశాయనీ పక్కన నిలబడ్డ విదూషకుడు సోమిదేవయ్య ఒక్కడే గమనించాడు.

అందరికన్నా చివర పేరక్క అనే పిల్ల వచ్చింది. కిందటేడు గాలికుంటు రోగం తగిలి వాళ్ళ పశువుల మందంతా చచ్చిపోయింది. దణ్ణం పెట్టి, "దేవరా, గాలికుంటుకి ఇక్కడ ఏం నేర్పుతారు? తల్లి పోయిన దూడని ఎట్లా బతికిస్తారు? దూడల కొట్టం ఒక్కసారి చూడనిస్తారా?" అని అడిగింది.

రాజు ముఖం ముడుచుకుంది. "స్తంభాల గురించి ఒక్క ముక్క లేదు. పైగా మమ్మల్నే పరీక్ష చేస్తావా? పో, పో!"

పేరక్క కళ్ళొత్తుకుంటూ మెట్లు దిగింది. మర్నాడు పొద్దుగూకితే చేరికలు ఆఖరు. సోమిదేవయ్యకి మనసు ఆగలేదు. వెనకే వెళ్ళి, "అప్పుడే ఊరికి పోకమ్మా. రేపటిదాకా మా ఇంట్లో ఉండు, మా ఆవిడ పులుసన్నం పెడుతుంది" అన్నాడు.

అన్నాడే గాని, ఏం చెయ్యాలో ఆయనకీ తెలీదు. ఇంటికి చేరేసరికి వీధుల్లో వేషాలు కట్టే మేనల్లుడు బుచ్చన్న అరుగు మీద గడ్డం గీయించుకుంటున్నాడు. ఆ నున్నటి ముఖం చూడగానే ఆలోచన తట్టింది.

మర్నాడు సోమిదేవయ్య సభకొచ్చి, "ప్రభూ, రాకుమారికి సంబంధం తెచ్చాను" అన్నాడు. పట్టుబట్టలతో, చెవులకి ముత్యాల పోగులతో బుచ్చన్న ఠీవిగా వచ్చి కూర్చున్నాడు.

"మహారాజా, తమ కోట స్తంభాలు చూడగానే కళ్ళు చెమర్చాయి! ఈ ఇంటి అల్లుణ్ణి కావాలని ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ కల!"

"బాగు బాగు. మరి మా అమ్మాయిని ఏమన్నా అడగాలంటే అడుగు నాయనా."

"అడిగేదేముంది ప్రభూ! ఆ గుమ్మాలు చాలు. అబ్బ, ఎంతెత్తు!"

తెర వెనక రాకుమారి పక్కున నవ్వింది. రాజుకి మాత్రం ఒళ్ళు మండింది.

"ఓరి నీ తెలివి తెల్లారా! పిల్ల పేరైనా అడిగావా? ఆమెకేం ఇష్టం, దేనికి అలుగుతుంది, ఏమన్నా పట్టిందా నీకు? సోమిదేవయ్యా, వీడికి కావలసింది మా కోట, మా పిల్ల కాదు. నిజంగా మనసున్నవాడు నాలుగు ప్రశ్నలు వెయ్యడూ?"

"వేస్తాడు ప్రభూ. నిన్న ఒక పిల్ల అలా వేసినందుకే తమరు తరిమేశారు."

రాజు సోమిదేవయ్యని చూశాడు, బుచ్చన్నని చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"ఓరి గడుగ్గాయీ! మా నోటితోనే మాకు బుద్ధి చెప్పించావు!" అని తన జరీ శాలువా తీసి ఆయన భుజాన కప్పాడు.

"శాలువా మామయ్యకి సరే, పెళ్ళిచూపులకొచ్చినవాడికి ఫలహారమైనా పెట్టరా ప్రభూ?" అన్నాడు బుచ్చన్న. మళ్ళీ నవ్వులు.

పేరక్కని పిలిపించారు. వచ్చి దణ్ణం పెట్టింది.

"నిన్న నువ్వు అడిగినవి మళ్ళీ అడుగమ్మా" అన్నాడు రాజు.

"తల్లి పోయిన దూడని ఎట్లా బతికిస్తారు దేవరా?"

రాజు మీసం మీదికి చెయ్యి పోనిచ్చి, మళ్ళీ దించేశాడు. "నాకు తెలీదు తల్లీ. కట్టించానే గాని ఆ కొట్టంలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఇవాళ్టినుంచి నువ్వు ఇక్కడి విద్యార్థినివి. పద, ఇద్దరం వెళ్ళి అడిగి తెలుసుకుందాం."

ఇంతే కథ. ఆ పిల్ల పేరక్కో, పేరిందేవో మా వదిన కూతురు విశాలాక్షికి బాగా తెలుసు. విశాలాక్షీ, పేర్లు ఒక్కసారి సరిచూడవే. రాజుగారిది కూడా.